పొట్టి కొబ్బరిచెట్లు, పుప్పాలగూడ మర్దన

హైదరాబాదు వెళ్ళొచ్చినవాళ్ళని మా నరసాపురంలో ముందు అడిగే ప్రశ్న ఏం చూశారని. నేను ఈ వేసవి సెలవులన్నీ అక్కడే ఉండి కూడా చార్మినారు చూడలేదు, గోలకొండ ఎక్కలేదు. ఎక్కువ భాగం ఒక బల్ల మీద బోర్లా పడుకుని, దానికున్న గుండ్రటి కన్నంలోంచి నేల చూసి వచ్చాను. తెల్లటి పలకలు, వాటి మీద బూడిదరంగు చుక్కలు. కావాలంటే బొమ్మ వేసి చూపిస్తాను. ఆ మాట ఇంత ధైర్యంగా అనగలుగుతున్నాను కాబట్టే ఈ యాత్ర గురించి రాయాలనిపించింది.

బయల్దేరడానికి కారణం

నేను హైస్కూల్లో డ్రాయింగు మేష్టర్ని. రెండేళ్ళ కిందట కుడి భుజం బిగుసుకోవడం మొదలైంది. మెడ దగ్గర్నుంచి రెక్క ఎముక దాకా ఎవరో తాడు పేని కట్టినట్టుండేది. చెయ్యి భుజం ఎత్తు దాటి లేచేది కాదు. భీమవరంలో ఎముకల డాక్టరుగారు ఫొటోలు తీయించి చూసి, "ఎముక్కి ఏమీ లేదండి, కీలూ బాగానే ఉంది. కండరాలు బిగిసిపోయాయి. వ్యాయామం చెయ్యండి, క్రమం తప్పకుండా మర్దన చేయించుకోండి, మరీ నొప్పెడితే ఈ మాత్ర వేసుకోండి" అన్నారు. నేను మాత్ర ఒక్కటే విన్నాను. మనకి మాత్ర మీదున్న నమ్మకం మనిషి చేతి మీద ఉండదు.

చెయ్యి లేవకపోతే నల్లబల్లలో కింది సగమే నాది. మా గోదావరి ఒడ్డున డ్రాయింగు మేష్టరు ఏ బొమ్మ మొదలెట్టినా పక్కన ఒక కొబ్బరిచెట్టు ఉండి తీరాలి. నా చెట్లు నా భుజం దగ్గర ఆగిపోయేవి. మొదలు, వెంటనే మట్టలు, అయిపోయింది. పోన్లే, పిల్లలే కదా అనుకున్నాను. మొన్న వార్షిక పరీక్ష కాగితాలు దిద్దుతుంటే తెలిసింది, ఏడో తరగతి తరగతంతా పొట్టి కొబ్బరిచెట్లే వేసింది. కిటికీలోంచి తలెత్తితే ఆకాశంలో ఊగే చెట్లని వదిలేసి, నా చెట్టుని నమ్మారు. ఒకడైతే కాయల్ని నేలకి ఆనించేశాడు. అందరికీ మార్కులు వేసేసి లేచాను గాని, ఆ పూట అన్నం సహించలేదు.

మా హెడ్మాస్టరుగారు మంచివారు. "వచ్చే ఏడాది మీకు బోర్డు పని వద్దులెండి మేష్టారూ. మధ్యాహ్న భోజనం లెక్కలు చూసుకుందురుగాని, కూర్చుని చేసే పని. బడి తెరిచేలోగా ఏ సంగతీ చెప్పండి" అన్నారు. ఆయన జాలితోనే అన్నారు. నాకు మాత్రం బతికుండగానే నా ఫొటోకి దండ వేసినట్టయింది. మూడో రోజున మా ఆవిడ సత్యవతి కట్టిచ్చిన ఆవకాయ జాడీ, ఒక సీసాడు నువ్వుల పప్పునూనె, ఒక తువ్వాలు పట్టుకుని రైలెక్కాను.

కొండాపూర్

దిగింది మా చెల్లెలి కూతురు శ్రావణి ఇంట్లో. సాఫ్ట్‌వేరు ఉద్యోగం. వాళ్ళాయన పని మీద పుణెలో ఉన్నాడు. ఇల్లు ఎంత ఎత్తులో ఉందంటే, కాకులు కూడా మనకి కిందగానే ఎగురుతాయి. అక్కడ కొత్తిమీర కట్ట కూడా మోటారు సైకిలెక్కి వస్తుంది. మా ఊళ్ళో కూరలు కొంటే కొసరుగా పడేసే కొత్తిమీరకి అక్కడ విడిగా ధర, దానికి సంచి, ఆ సంచి మీద కృతజ్ఞతలు. నేను తలుపు తీసి తెచ్చిన కుర్రాణ్ణి మంచినీళ్ళు తాగుతావా అని అడిగితే, చేతిలో ఫోన్ చూసుకుని "టైం లేదంకుల్" అని పరిగెత్తాడు.

శ్రావణి భోజనాల బల్ల దగ్గరే కూర్చుని పనిచేస్తుంది. మధ్యమధ్య మెడని అటూ ఇటూ విరుస్తుంది, వేయించిన అప్పడం విరిగినట్టు చప్పుడు. "నీకూ ఉన్నట్టుందే" అన్నాను.

"నాకేం లేదు మావయ్యా. కొంచెం పట్టేస్తుంది, అంతే. మా ఆఫీసులో అందరికీ ఉంటుంది."

అందరికీ ఉంటే జబ్బు కాదన్నమాట.

అద్దాల మేడలో కాగితం లాగు

శ్రావణి దగ్గర ఎవరో బహుమతిగా ఇచ్చిన కూపను ఉంది. ఒక పెద్ద మాల్‌లో మర్దన చేసే చోటు. "మంచి చోటే మావయ్యా, నేనెప్పుడూ వెళ్ళలేదు, నువ్వెళ్ళు" అని పంపింది. నేను నా తువ్వాలు, నా నూనెసీసా గుడ్డసంచీలో పెట్టుకుని వెళ్ళాను. లోపల చలి, చీకటి, ఎక్కడో నీళ్ళు కారుతున్న చప్పుడు. మా ఇంట్లో అయితే ఆ చప్పుడికి కుళాయి కట్టమని కేకేస్తాం.

కౌంటర్లో అమ్మాయి ఎంతో మర్యాదగా చిన్న గ్లాసులో పచ్చటిదేదో ఇచ్చింది. మందనుకుని కళ్ళు మూసుకుని ఒక్క గుక్కలో మింగాను. దోసకాయ నీళ్ళుట. తర్వాత ధరల అట్ట చేతిలో పెట్టి, ఏ రకం మర్దన కావాలి, స్వీడిషా, బాలినీసా అని అడిగింది. ఒక్కో గంట ధర మా ఇంటి నెల పాలఖర్చు. మనకి కూపను ఉంది కదా అని ధైర్యంగానే చూశాను. అంతలో ఒకతను వచ్చి, మడతపెట్టిన కాగితంలాంటిది ఇచ్చి, బట్టలు మార్చుకుని ఇది వేసుకోమన్నాడు. విప్పి చూద్దును కదా, కాగితంతో కుట్టిన లాగు.

పదిమందికి పాఠం చెప్పినవాణ్ణి. కాగితం మీద బొమ్మ వేస్తాను గాని కాగితం తొడుక్కోలేను. ఫోన్ వచ్చిందని అబద్ధమాడి బయటపడ్డాను.

రోడ్డు మీద ఆటో అతను నన్ను చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు. పేరు మల్లేశం, మహబూబ్‌నగర్ వైపు మనిషి. "ఏమైంది సార్, గిట్ల ఉరికొస్తున్నరు?" అన్నాడు. చెప్పాను. చెప్పేదాకా బండి కదపలేదు.

"మీకు మాలిషే గావాల్నంటే యాదగిరన్న కాడికి పాండ్రి సార్, పుప్పాలగూడల. పొద్దంత ఈ బండ్లె కూసుంటే నా నడుము కట్టె అయితది. పదిహేను దినాలకొకపారి ఆయన చెయ్యి పడకుంటె నాకు బండి నడ్వదు."

పుప్పాలగూడ, సీసాల అలమర

చుట్టూ ఆకాశాన్నంటే మేడలు. వాటి మధ్య పాత ఊరు ఇంకా ఊరులాగే ఉంది. సన్న గల్లీలు, గడపలకి పసుపు, అరుగు మీద ముసలివాళ్ళు. ఒక గల్లీ చివర యాదగిరి గది. గదిలో ఒక బల్ల, ఒక పంకా, గోడకి ఒక అలమర. ఆ అలమర నిండా నూనెసీసాలు, ఒక్కోదాని మీద అంటించిన కాగితం మీద పేరు. అక్కడి పద్ధతి అది. ఎవరి నూనె వాళ్ళు తెచ్చుకుంటారు, ఎవరి తువ్వాలు వాళ్ళు మడుచుకుని పోతారు. బీహారు కాపలాదారులది ఆవనూనె, కేరళ నర్సమ్మలది కొబ్బరినూనె, సాఫ్ట్‌వేరువాళ్ళది సువాసన నూనె. అలమర ముందు నిలబడి వాసన చూస్తే ఆ చుట్టుపక్కల బతకడానికి వచ్చినవాళ్ళ ఊళ్ళన్నీ తెలిసిపోతాయి. నా పప్పునూనె సీసా చూసి నాకే గర్వమేసింది. కాగితం లాగు ప్రసక్తి ఎక్కడా లేదు.

యాదగిరి నలభై దాటిన మనిషి. కుర్రతనంలో కుస్తీ నేర్పే తాలింఖానాలో పహిల్వాన్లకి మాలిష్ చేశాడు, తర్వాత ఫిజియోథెరపీ డాక్టరు దగ్గర పనిచేసి కోర్సు పాసయ్యాడు. ఆ సర్టిఫికెట్టు గోడ మీద దేవుడి పటం కన్నా పెద్ద అద్దంలో ఉంది. వినయం ఆ మనిషి వీధిలోకే రాలేదు. "నా అసొంటి చెయ్యి ఈ చుట్టుపక్కల లేదు సార్, ఎవల్నన్న అడుగుండ్రి" అన్నది పరిచయంలో మొదటి మాట. రెండో మాట, "డాక్టర్‌కు చూపిచ్చిన్రా? కాయితం ఉన్నదా?" నా జేబులో ఉన్న భీమవరం కాగితం చదివేదాకా నన్ను ముట్టుకోలేదు.

బోర్లా పడుకుని, బల్ల కన్నంలో మొహం పెట్టాను. బొటనవేలు మెడ పక్కన పెట్టి ఆగాడు. "సార్, మీ భుజం చెవుతోటి ముచ్చట పెడుతున్నది. జర కిందికి దించుండ్రి."

"దించాను కదయ్యా."

"దించలే. ఊపిరి ఇడువుండ్రి. ఇగ ఇప్పుడు దిగింది."

అతని చెయ్యి మెత్తగా తగులుతుంటే నాకు అనుమానమేసింది. మర్దనంటే కళ్ళమ్మట నీళ్ళు రావాలి కదా. గట్టిగా నొక్కు, నేను ఓర్చుకోగలను అన్నాను. "ఏడ్పియ్యాల్నంటే ఏడ్పిస్త సార్. గని ఏడ్సినకొద్ది కండ ఇంకింత బిగుసుకుంటది. దాన్ని బుదగరియ్యాలె, కొట్టొద్దు" అన్నాడు. బుజ్జగించాలన్నమాట.

లేచాక చెయ్యి ఎత్తమన్నాడు. ఎత్తాను. వేళ్ళు చెవి దాటి, తల దాటి పైకి వెళ్ళాయి. సిగ్గు లేకుండా చెప్తున్నాను, కళ్ళు చెమర్చాయి.

ఆవకాయ జాడీ

ఇంటికి వచ్చేటప్పుడు లిఫ్టులో ఎవరూ లేకుండా చూసి మళ్ళీ మళ్ళీ చెయ్యెత్తి దింపాను. రోగం పోయిందని సత్యవతికి ఫోన్ చేసి చెప్పాను. వంటింట్లో ఆవకాయ జాడీ ఇంకా నేల మీదే ఉంది. దాన్ని పై అరలో పెట్టాలి, శ్రావణికి అందదు. "ఉండవే, చూడు" అని ఆ నిండు జాడీని రెండు చేతులతో తల మీదుగా ఎత్తి పై అరలో పెట్టాను. శ్రావణి చప్పట్లు కొట్టింది.

తెల్లారేసరికి మెడ తిరగదు. పళ్ళు ఎడం చేత్తో తోముకున్నాను. పిలిస్తే మనిషంతా తిరగాల్సొచ్చింది, గుమ్మానికి వేసిన తలుపులాగ. ఇదంతా మోసం, డబ్బు గుంజే ఎత్తు అని తిట్టుకుంటూ మల్లేశం ఆటోలోనే వెళ్ళి యాదగిరి మీద పడ్డాను.

అతను అంతా విని, జాడీ ఎంత బరువో చేతులతో చూపించమన్నాడు. చూపించలేకపోయాను. అప్పుడన్నాడు, "ఒక్కపారి తానం జేస్తె జిందగంత సాఫ్‌గ ఉంటమా సార్?"

ఆలోచిస్తే తప్పెక్కడుందో తెలిసింది. మా వైపు ఒంటికి నూనె రాయడమంటే పండగ. దీపావళినాడు తలంటు, పెళ్ళికి నలుగు, పురుటికి మర్దన. ఒకసారి వైభవంగా జరిపించి, మళ్ళీ ఏడాది దాకా సీసా మూత తీయం. నేను మర్దనని కూడా పండగలాగే చేసుకుని, పండగ మర్నాడు జాడీ ఎత్తాను. రెండేళ్ళుగా బిగిసిన కండ ఒక్కపూట వదిలింది గాని, దాని పాత అలవాటు అది మర్చిపోలేదు. దాన్ని మళ్ళీ మళ్ళీ వదిలించాలి, వదిలినప్పుడల్లా కొద్దిగా కదపడం నేర్పాలి.

"రోజు తప్పిచ్చి రోజు రాండ్రి. తర్వాత వారానికొకపారి చాలు. ఫికర్ చేయకుండ్రి, అయితది. గని జాడీలు ఎత్తకుండ్రి" అన్నాడు.

గోడ మీద వేళ్ళు, పెనం మీద రొట్టె

మర్దన అయ్యాక ప్రతివాడూ గోడ దగ్గర నిలబడాలి. వేళ్ళతో సాలీడులా గోడ మీద పైకి పాకాలి, నొప్పి మొదలైన చోట ఆగాలి. నూనె చేతులు కదా, గోడంతా వేలిముద్రలు. సున్నం మీద నూనె మరకలు మేఘాల్లా పట్టి ఉంటాయి. నా ముద్రలు మొదట్లో నా భుజం దగ్గర ఉండేవి. తర్వాత గడ్డం దాకా, తర్వాత కళ్ళ దాకా వచ్చాయి. ఒక రోజు ఉన్నట్టుండి మళ్ళీ గడ్డానికి దిగిపోతే దిగులుపడ్డాను. యాదగిరి చూసి, "రాత్రి ఏసీల పండుకున్నరా?" అన్నాడు. నిజమే, శ్రావణి ప్రేమ కొద్దీ పెట్టింది. ఆ తర్వాత భుజానికి దుప్పటి కప్పుకున్నాను, ముద్రలు మళ్ళీ పైకెక్కాయి.

గది బయట యాదగిరి భార్య లక్ష్మి సాయంత్రాలు జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. కర్ర లేకుండా అరచేతులతోనే తట్టి, పెనం మీద వేస్తుంది. పక్కన పచ్చిపులుసు, పల్లీల కారం. మా అన్నం తినే నోటికి మొదటి రొట్టె గొంతు దిగలేదు, పచ్చిపులుసు తాగాక దిగింది. తర్వాత తర్వాత మర్దన కోసం వస్తున్నానో రొట్టె కోసం వస్తున్నానో నాకే తెలియలేదు. ఆఫీసుల నుంచి వచ్చే పిల్లలు, కట్టడం పనివాళ్ళు, అందరూ అక్కడే నిలబడి తింటారు.

ఆమె చేతులు చూస్తూ ఒక రోజు అడిగాను, ఇన్ని రొట్టెలు తడితే నీ భుజాలు నొప్పెట్టవా అమ్మా అని.

"నొస్తయి సార్. ఎందుకు నొయ్యయి?" అంది రొట్టె తిప్పుతూ. "నా వంతు ఆదివారం. దుకాణం బందు వెట్టి నాకే చేస్తడు. ఆయన బొటనేళ్ళు నేను ఒత్తుత, రోజు పొద్దూకినంక. గా ఏళ్ళు పని చెయ్యకుంటె ఇల్లెట్ల నడ్వాలె?"

లోపల్నుంచి యాదగిరి, "నా షాగిర్దే సార్, నేనే నేర్పిన" అని గొప్పలు పోయాడు. ఆమె నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేసింది. ఆదివారం ఆమె వంతన్న మాట నాకు ఎక్కడో తగిలింది. ముప్పై ఏళ్ళ కాపురంలో సత్యవతికి ఒక వంతు ఉండాలని నాకెప్పుడూ తోచలేదు.

శ్రావణి వీపు

చెయ్యి ఊరుకోక ఒక పగలు, శ్రావణి మీటింగులో ఉండగా వెనకనుంచి ఆమె బొమ్మ గీశాను. పెన్సిలు నిజమే చెప్తుంది. రెండు భుజాలూ చెవుల దాకా లేచి ఉన్నాయి, మెడ ఎక్కడా కనబడదు. గీస్తూ గీస్తూ ఆగిపోయాను. నేను కూడా గీతలు గీసేటప్పుడు నా భుజం అలాగే ఎత్తిపెట్టి, ఊపిరి బిగపట్టి ఉన్నాను. ఇన్నేళ్ళూ సుద్దముక్క పట్టుకున్నప్పుడల్లా ఇలాగే నిలబడ్డానన్నమాట. ఊపిరి వదిలాను, భుజం దిగింది, గీత కూడా సాఫీగా సాగింది.

మీటింగు అయ్యాక శ్రావణి బొమ్మ చేతిలోకి తీసుకుంది.

"ఇదెవరు మావయ్యా, అమ్మమ్మలా ఉంది?"

"నువ్వే."

ఆమె నెమ్మదిగా భుజాలు దించుకుంది. కాసేపటికి అవి వాటంతటవే మళ్ళీ పైకెక్కాయి. ఇద్దరం చూశాం, ఇద్దరం నవ్వాం. ఆ శనివారం అలమరలోకి ఇంకో సీసా చేరింది. మొదటిసారి బల్ల మీద నుంచి లేచి వచ్చి, రొట్టె తింటూ శ్రావణి, "ఇంత తేలిగ్గా ఉండొచ్చని మర్చిపోయాను మావయ్యా" అంది. స్త్రీలకి మర్దన లక్ష్మే చేస్తుంది, షాగిర్దు మరి. అంతసేపూ రొట్టెల పెనం దగ్గర యాదగిరి నిలబడతాడు. అతను చేసిన రొట్టెలు మాత్రం ఏ దేశపటంలోనూ లేని ఆకారంలో ఉంటాయి.

తిరుగు ప్రయాణం

చివరి రోజు నా సీసాలో అడుగున కొంచెం నూనె మిగిలింది. తీసుకోబోతే యాదగిరి వద్దన్నాడు. "ఉండనియ్యుండ్రి సార్. దసరాకొస్తరు గద. అక్కడ గూడ ఎవలన్న ఉంటరు, మంచిగ తెలిసినోల్లు. ఎదుక్కోండ్రి. ఇడువకుండ్రి, గంతే." నా పేరున్న సీసా ఆవనూనెకీ కొబ్బరినూనెకీ మధ్య ఉండిపోయింది. మల్లేశం స్టేషను దాకా దింపి, నా సంచీ తనే మోసి, "ఎత్తుడు బంద్ సార్ మీకు" అన్నాడు.

ఇప్పుడు ఆదివారం ఆదివారం భీమవరం వెళ్తున్నాను. అక్కడ ఒక ఫిజియోథెరపీ గదిలో, పెద్దగా మాట్లాడని ఒకాయన చేస్తారు. చెయ్యి మంచిదే, కబుర్లు లేవు. మధ్యలో బుధవారం నాకు సత్యవతి చేస్తుంది. నేను లక్ష్మి సంగతి చెప్పి, నీ వంతు గురువారం అని ఆమె మడమలు పట్టుకుంటే, "హైదరాబాదు నీళ్ళు ఒంటబట్టాయా మీకు?" అని కాళ్ళు వెనక్కి లాక్కుంది. రెండో గురువారం లాక్కోలేదు.

బడి తెరిచిన రోజు హెడ్మాస్టరుగారి గదికి వెళ్ళి, భోజనం లెక్కలు ఇంకెవరికైనా ఇవ్వండి, నాకు బోర్డు కావాలన్నాను. ఆయన నా భుజం వంక చూశారు. "ఒక వారం చూద్దాం మేష్టారూ" అన్నారు.

ఎనిమిదో తరగతికి వెళ్ళాను, నిరుడు పొట్టి చెట్లు వేసిన పిల్లలే. పుస్తకాలు అడ్డంగా పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు, నా పొట్టి బొమ్మలకి అదే చాలని అలవాటు కదా. ఊపిరి వదిలి, భుజం దించి, నల్లబల్ల అడుగున సుద్దముక్క ఆనించాను. మొదలు గీశాను. గీత నడుము దాటింది, ఛాతీ దాటింది. భుజం దగ్గర, ఎప్పుడూ మట్టలు మొదలెట్టే చోట, వెనక పెన్సిళ్ళు ఆకుల కోసం కదలడం వినబడింది. గీత ఆగలేదు. కళ్ళు దాటాక కండ లోపల పాత తాడు ఒకసారి లాగింది. చెయ్యి దించి, ఒక నిమిషం వేళ్ళు దులుపుకుని, మళ్ళీ ఎత్తాను. తల దాటి, నల్లబల్ల చెక్క అంచు దాకా వెళ్ళి, అక్కడ మట్టలు విప్పాను, వాటి కింద గెల వేశాను.

తిరిగి చూశాను. ముందు బెంచీలో ఒక పిల్ల తన చెట్టుకి పుస్తకంలో చోటు చాలక, నా బొమ్మ వంక ఒకసారి, కిటికీలోంచి బయటి చెట్ల వంక ఒకసారి చూసింది. చూసి, గీసింది చెరిపేసి, పుస్తకాన్ని నిలువుగా తిప్పింది. పక్కవాడు చూశాడు, వాడూ తిప్పాడు. అలా వెనక బెంచీ దాకా, ఒకరి తర్వాత ఒకరు, పుస్తకాలన్నీ నిలువుగా తిరిగాయి.